ఒక యింట మూడు కరెంటు బండ్లు

సింగరాయకొండ రైలు స్టేషను వెలుపల నిలుచు ఆటోలలో ఇప్పుడు కొన్ని చప్పుడు లేకయే కదలుచున్నవి. పాకల త్రోవను, కందుకూరు త్రోవను పోవు స్కూటర్లలోను పెట్రోలు వాసన లేనివి నానాటికి హెచ్చుచున్నవి. బండి కొనునపుడు మనవారు ధర యడుగుదురు. ఒక్క ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు నడచునని యడుగుదురు. రాత్రివేళ దానికి మేత యెక్కడ, ఎట్లు పెట్టవలెనని యడుగువారు మాత్రము తక్కువ. ఒక్క స్కూటరయినచో మంచి ప్లగ్గొకటి చాలును. అదే యింట రెండవ బండియు, మూడవ బండియు చేరినపుడు చిక్కు మొదలగును. ఈ సంగతి మాకు పుస్తకముల వలన గాక మా యింటనే తెలిసినది గావున, మా తప్పును దాచక ఇచట వ్రాయుచున్నాము.

మా పెద్ద కుమారుడు ఆటో నడుపును. సింగరాయకొండకును కందుకూరునకును నడుమ రోజునకు మూడు మారులు పోయి వచ్చును. కోడలు ఉపాధ్యాయిని, స్కూటరుపై బడికి పోవును. రెండవ కుమారునకు ఒంగోలులో ఉద్యోగము. అతడు కారు కొనెను. మూడింటిని నిలుపుటకు, పశువులు లేక ఖాళీ పడియున్న కొట్టమును బాగుచేసితిమి. ఇంటిలోని బోర్డునుండి కొట్టమునకు నలువది మీటర్ల దూరము. ఎప్పుడో కొట్టములో దీపము కొఱకు వేసిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ యుండెను. దాని చివరనే రెండు పెద్ద సాకెట్లు బిగించితిమి. తొలి దినములలో ఫ్యూజు మాటిమాటికి పోవుచుండగా, అందులో లావుపాటి తీగ చుట్టించితిమి. అట్లు చేయుమని మాకెవ్వరును చెప్పలేదు. అది మా తెలివియే.

ఏప్రిల్ మాసమున ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు, పంచలో మంచముపై పండుకొనియున్న మా తల్లి, "ఒరే అబ్బాయీ, ఏదో కమురు కంపు కొడుతున్నదిరా, లేచి చూడు" అని కేక వేసెను. లేచి చూడగా కొట్టములోని సాకెట్టు కరగి, బెల్లపు పాకమువలె గోడమీదికి జారుచుండెను. ప్రక్కనే కల్లమునుండి తెచ్చిన మిరపకాయల బస్తాలు. ఆ వెనుక గడ్డివామి. మెయిను స్విచ్చి దింపి ఇసుక చల్లితిమి. నష్టము ఒక సాకెట్టు, రెండు గజముల తీగ. ఆ రాత్రి మా తల్లికి నిద్ర పట్టియుండినచో నష్టపు లెక్క వేఱుగా నుండెడిది.

జరిగినదేమో తరువాత కాగితముపై లెక్క వేసి చూచితిమి. కారు సాధారణ ప్లగ్గునుండి 3.3 కిలోవాట్లును, ఆటో సుమారు 2 కిలోవాట్లును తీసికొనును. రెండును కలిసి 5.3 కిలోవాట్లు, 230 వోల్టుల వద్ద అది 23 ఆంపియర్లు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు కిలోమీటరొకటికి సుమారు 12 ఓముల నిరోధము గలదు. పోవు తీగ నలువది మీటర్లు, వచ్చు తీగ నలువది మీటర్లు, వెరసి ఎనుబది మీటర్లకు దాదాపు ఒక ఓము. 23 ఆంపియర్లు దానిగుండ పాఱునపుడు 22 వోల్టులు త్రోవలోనే తఱుగును. అర కిలోవాటు శక్తి తీగలోనే వేడిగా మారును. అనగా గోడ పొడవున ఒక ఇస్త్రీపెట్టెను వెలిగించి పఱచినట్లు. ఇస్త్రీపెట్టెనయినను పని తీరగనే ఆపుదుము. మిక్సీ రెండు నిమిషములు తిరుగును. కారు బ్యాటరీ అడుగంటియున్నచో ఛార్జింగు రాత్రియంతయు నడచును. దీపములకు, ఫ్యానులకు ఇరువది యేండ్లు చక్కగా పనిచేసిన తీగ బండ్లకు ఇరువది రాత్రులైనను నిలువకపోవుటకు ఇదియే కారణము. పైగా తీగ కాలక మునుపే తెగి కాపాడవలసిన ఫ్యూజును మేము స్వయముగా చంపుకొంటిమి.

మొదట మాకు తోచిన ఉపాయము, మూడు బండ్లకు మూడు పెద్ద లైనులు వేయించి, లోడు పెంచుకొనుట. దాని ఖర్చు విచారించుచున్నపుడు మా తల్లియే కపిలబావి మాట యెత్తెను. మా తాతల నాటి బావిలో నలుగురికి పాలుండెడివి. నలుగురును ఒక్కమారే కపిల తోలినచో ఊట చాలదు. కావున వంతులు పెట్టుకొనిరి. ఒకరు తెల్లవారుజామున, ఒకరు ఎండ యెక్కిన పిమ్మట, ఇట్లు నలుగురి చేలును తడిసెడివి. బావిని నాలుగింతలు పెద్దగా త్రవ్వవలెనని యెవ్వరికిని తోచలేదు.

బండ్ల సంగతియు ఇంతే. మా మూడు బండ్లకును కలిపి రోజునకు కావలసినది సగటున 14 యూనిట్లు: ఆటోకు ఆఱున్నర, కారునకు ఆఱు, స్కూటరునకు ఒకటిన్నర. ఆటోకు మూడుంబావు గంటలు, స్కూటరునకు 750 వాట్ల ఛార్జరుతో రెండు గంటలు, కారునకు రెండు గంటలకు తక్కువ. మూడింటిని ఒక్కమారే తగిలించినచో 6 కిలోవాట్లు కావలెను. ఆటోను స్కూటరును ఒక జట్టుగాను, కారును వేఱుగాను వంతు పెట్టినచో ఎన్నడును 3.3 కిలోవాట్లు దాటదు. రాత్రి నడుమ లేచి ప్లగ్గు మార్చువారెవరని యడుగుదురు. పంచాయతీ వీథిదీపములకు పెట్టు టైమరు వంటి దొకటియు, జెనరేటరున్నచోట వాడు చేంజోవరు వంటి దొకటియు కలిపి మా యింట బిగించితిమి. రాత్రి పదింటినుండి ఒకటిన్నర వఱకు ఆటోయు స్కూటరును మేయును. ఒకటిన్నరనుండి ఆఱింటివఱకు కారు. రెండు జట్లును ఒక్కమారే మేయుట ఆ యేర్పాటులో సాధ్యపడదు. అదియే దాని గుణము. మనుష్యుల జ్ఞాపకముపై ఆధారపడిన వంతు పెండ్లిండ్ల నాడును, జ్వరముల నాడును తప్పును.

పది గంటలకు మునుపు ఎందుకు పెట్టరాదో చెప్పవలసియున్నది. సాయంకాలము ఆఱు మొదలు పది వఱకు ఊరంతయు కరెంటును ఎక్కువగా వాడు వేళ. మన పల్లెలలో అనేక వీథులకు 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరే ఆధారము. మూడు ఫేజులుగా పంచినచో ఒక్కొక్క ఫేజునకు వచ్చునది 8.3 కె.వి.ఎ., అనగా దాదాపు 35 ఆంపియర్లు మాత్రమే. ఒకే యిల్లు ఒక ఫేజునుండి 6 కిలోవాట్లు లాగినచో ఆ ఫేజుపైనున్న తక్కిన యిండ్లకు మిగులున దేమి? మా పొరుగింటి యత్తగారు మా కోడలితో, "మీ బండ్లు మేస్తున్నంతసేపు మా ఫ్యాను ఈగను కూడ తోలడం లేదమ్మా" అనెను. ఆమె నవ్వుచునే యనెను గాని, రెండవ మారు నవ్వుచు అనియుండెడిది కాదు. వీథిలో ఇంకొక కారు వచ్చినచో ఆ రెండు ఇండ్లవారును కూడబలుకుకొనుట మేలు. మూడు ఫేజుల కనెక్షనున్నవారు బండికొక ఫేజు చొప్పున పంచుకొనవచ్చును. మంజూరైన లోడు ఒకటి రెండు కిలోవాట్లే యున్నవారు, దానిని పెంచుమని సెక్షన్ కార్యాలయమున దరఖాస్తు పెట్టుకొనిన పిమ్మటనే కారు తగిలింపవలెను.

ఇక తీగ మాట. బండ్ల లైను మీటరు బోర్డునుండియే వేఱుగా రావలెను. ఇంటి దీపముల బోర్డునుండి కాదు. మా నలువది మీటర్ల దూరమునకు ఆఱు చదరపు మిల్లీమీటర్ల రాగితీగను గొట్టములో వేయించితిమి. నాలుగుతోను జరుగును గాని, ఒకమారు కాలినవారము గావున ఎక్కువే వేసితిమి. 15 ఆంపియర్లు పాఱునపుడు ఇప్పుడు త్రోవలో తఱుగునది నాలుగు వోల్టులకు లోపు. లైను మొదట 20 ఆంపియర్ల ఎం.సి.బి.యు, దానితో బాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.యు పెట్టించితిమి. మొదటిది తీగను కాపాడును; రెండవది మనుష్యుని కాపాడును. బండి యినుమునకు కరెంటు దిగి, పిల్లవాడు దానిని ముట్టినచో, ఎం.సి.బి.కి ఆ సంగతి తెలియదు, ఆర్.సి.సి.బి. రెప్పపాటులో సరఫరాను కోసివేయును. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఒకే ప్లగ్గునకు మూడు తగిలించు సాధనములు బండ్ల వద్దకు రానీయరాదు.

ఎర్తు విషయమున మన ప్రాంతపువారు తక్కినవారికంటె హెచ్చు జాగ్రత్త పడవలెను. నల్లరేగడిలో తేమ నిలుచును. సముద్రపు దాపున నున్న మన యిసుక నేలలో వేసవి వచ్చుసరికి పైభాగమంతయు ఎండిపోవును. ఎండిన యిసుకలో పాతిన కడ్డీ ఎర్తు కానేకాదు. మేము ఎనిమిది అడుగులకు పైగా గొట్టమును దింపి, చుట్టును బొగ్గును ఉప్పును వేయించితిమి. ఎండకాలమున వారమున కొకమారు బిందెడు నీరు పోయుచున్నాము. ఉప్పుగాలికి ఇత్తడి మరలుకూడ చిలుము పట్టును. వదులైన మర వేడెక్కును. వేడెక్కిన మర ఇంకను వదులగును. ఏటికి రెండు మారులు మెయిను దింపి మరలు బిగించుట మఱువరాదు.

ఖర్చు లెక్కలో మాకు ఎదురుచూడని దొకటి బయటపడినది. మన రాష్ట్రమున 2022-23లో అమలునకు వచ్చిన గృహ తరగతి ధరల పట్టీలో మొదటి 30 యూనిట్లకు రు. 1.90, 75 వఱకు రు. 3.00, 125 వఱకు రు. 4.50, 225 వఱకు రు. 6.00, 400 వఱకు రు. 8.75, ఆపైన రు. 9.75 చొప్పున గలదు. ఇంటి వాడుక నెలకు 200 యూనిట్లనుకొనుడు, అందుకగునది రు. 867. బండ్లకు నెలకు 420 యూనిట్లు దానిపై చేరినచో మొత్తము 620 యూనిట్లకు రు. 4,693. స్థిర రుసుమును, సుంకమును, సర్దుబాటు రుసుములను లెక్కింపకయే ఇంత. అనగా బండ్ల వలన పెరిగినది రు. 3,826, యూనిట్టొకటికి రు. 9.11 పడుచున్నది. బండ్ల యూనిట్లు ఎల్లప్పుడును పట్టీలోని పై మెట్లమీదనే కూర్చుండును గదా! ఐనను పెట్రోలుతో పోల్చినచో ఇది స్వల్పమే. స్కూటరు నలువది కిలోమీటర్లు పోవుటకు పదునాలుగు రూపాయలు చాలును. పెట్రోలు స్కూటరయినచో దాదాపు లీటరు కావలెను.

విద్యుత్ బండ్ల ఛార్జింగునకు అదే పట్టీలో వేఱు తరగతి గలదు. అందు ధర యూనిట్టునకు రు. 6.70. బండి యజమాని కోరినచో ఛార్జింగు కొఱకు ప్రత్యేక కనెక్షను ఈయవలెనని 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు చెప్పుచున్నవి. గ్రామములలో క్రొత్త కనెక్షనునకు గడువును అప్పుడే ముప్పది దినములనుండి పదునైదునకు తగ్గించిరి. పై 420 యూనిట్లు ప్రత్యేక మీటరుపై ఈ తరగతిలో నడచినచో రు. 2,814 అగును, నెలకు వేయి రూపాయలు మిగులును. పట్టీ ఏటేట మారవచ్చును గావున, దరఖాస్తు పెట్టునపుడే మీటరు ఏ తరగతిలో చేరునో కాగితముపై వ్రాయించుకొనవలెను. ఒక్క స్కూటరే యున్న యింటికి రెండవ మీటరు దండుగ.

ఇంటిపై సౌరఫలకములు పెట్టదలచినవారి లెక్క దీనికి తలక్రిందులు. 2024లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్ల ఫలకములకు రు. 78,000 సబ్సిడీ నిర్ణయించిరి. మన యెండకు కిలోవాటొకటి రోజునకు నాలుగు యూనిట్ల వంతున ఇచ్చును; మూడు కిలోవాట్లకు నెలకు 360 యూనిట్లు. నెట్ మీటరింగులో పగలు లైనునకు పంపినది రాత్రి వాడిన దానిలో తీసివేయబడును. 620లో 360 పోగా 260 యూనిట్లకు బిల్లు రు. 1,323 మాత్రమే. అయితే ఈ తీసివేత ఫలకములున్న మీటరుకే గాని ప్రక్క మీటరునకు జరుగదు. కావున మేడ యుండి ఫలకములు పెట్టగలవారు బండ్లను ఇంటి మీటరుమీదనే యుంచుకొనవలెను. రేకుల యిండ్లవారికిని, అద్దె యిండ్లవారికిని వేఱు మీటరు లాభము. రెండును పెట్టుకొనిన పెద్దమనుష్యులు ఫలకముల లాభములో సగము పోగొట్టుకొందురు. మఱియొక మాట. బ్యాటరీ లేని ఫలకములు కరెంటు పోయినపుడు తామును ఆగిపోవును. లైనుపై పనిచేయు లైన్‌మన్ ప్రాణము కొఱకు చేసిన యేర్పాటది; ఫలకములున్నవి గదా యని తుపాను రాత్రి బండి మేయునని యాశపడరాదు.

ఇక చెప్పుటకు కష్టమైన విషయము. చేలో మోటారు పెట్టె యున్నది. అందు మూడు ఫేజులున్నవి. 2004 నుండి సేద్యమునకు కరెంటు ఉచితము. పగటి తొమ్మిది గంటలలో ఆటోను అచట తగిలించిన నేమగునని మా యిద్దఱు మిత్రులు మమ్మడిగిరి. ఒక పనికి మంజూరైన కరెంటును వేఱొక పనికి వాడుట 2003 విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగము. ఎంతకాలము వాడిరో తేలనిచో తనిఖీకి వెనుకటి పండ్రెండు మాసములకు లెక్క కట్టి, తగిన తరగతి ధరకు రెట్టింపు వసూలు చేయుదురు. దానికంటె పెద్ద చిక్కొకటి గలదు. ఉచిత కరెంటు రైతుకు పంట కొఱకు ఇచ్చినది. మోటారు పెట్టెల వద్ద కిరాయి ఆటోలు మేయుచున్నవని పదిచోట్ల కనబడినచో, ఆ మాట మీద ఆటో లేని రైతుకూడ జవాబు చెప్పుకొనవలసివచ్చును. మేము ఆ మిత్రులకు వలదనియే చెప్పితిమి.

బండి నిలుపు చోటు గుఱించి కొంత వివరింపవలెను. 2022 ఏప్రిల్ మాసమున విజయవాడలో ఒక యింటి పడకగదిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి గృహస్థుడు మరణించెను. అదే మాసమున నిజామాబాదులో అట్లే ఒక వృద్ధుడు ప్రాణము కోల్పోయెను. రెండుచోట్లను బ్యాటరీని బండినుండి ఊడదీసి యింటిలో పెట్టిరి. రెండుచోట్లను ఇంటివారు నిద్రలో నుండిరి. ఆ పిమ్మట కేంద్రప్రభుత్వము బ్యాటరీల పరీక్షా నియమములను కఠినము చేసి, 2022 డిసెంబరునుండి ఒక విడతగాను, 2023 మార్చి చివరనుండి మఱియొక విడతగాను అమలు పఱచెను. అంతకు మునుపటి బండిని చౌకకు కొనువారు ఈ తేదీలను జ్ఞాపకముంచుకొనవలెను.

నియమము మారినను చోటు మనదే. పత్తి యింటిలో నిలువయుండు దినములలో, అనగా పుష్యమాఘములలో, చాలమంది బండిని అదే వసారాలో నిలుపుచున్నారు. పత్తిమండెకును, పత్తికట్టె మోపులకును, గడ్డివామికిని బండి కనీసము పది పండ్రెండు అడుగుల యెడముగా నుండవలెనని మా యభిప్రాయము. పైన రేకు, మూడు ప్రక్కల గాలి, ద్వారమునకు అడ్డుగా లేని చోటు, ఇంతయే కావలెను. నిప్పంటుకొనినచో మనుష్యులు బయటికి వచ్చు త్రోవలో బండి యుండరాదు. రోహిణీకార్తెలో ఎండలో తిరిగివచ్చిన బండిని వెంటనే తగిలింపక, అరగంటయో గంటయో నీడలో చల్లారనీయవలెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు మన తీరమంతయు వానలో నానినది. అట్టి దినములలో వఱదనీట మునిగిన బండిని, తడి యారినట్లు కనబడినను, పరీక్ష చేయింపక ఛార్జింగు పెట్టరాదు. దానిని ఇంటికి దూరముగా ఆరుబయట నుంచవలెను.

ఇల్లు ఇఱుకయి, నిలుపు చోటే లేనివారు మన సభ్యులలో ననేకులు గలరు. వారి కొఱకు ఒక యూహను సభ్యుల ముందుంచుచున్నాము. సంఘపు గోదామునకు ఉత్తరముగా నున్న ఖాళీస్థలమున ఒక రేకుల పాక వేసి, ప్రత్యేక మీటరు పెట్టించి, ఎనిమిది పది ఆటోలకు వంతులతో కూడిన ఛార్జింగు ఏర్పాటు చేసినచో, ఒక్కొక్కరు వేఱువేఱుగా తీగలు లాగుకొను ఖర్చు తప్పును. కరెంటు పనిని సహకార సంఘములు చేయలేవనుట సరికాదు. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము పని నారంభించినది. పిమ్మట అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పములలోను అట్టివి వెలసినవి. వారు ఊళ్లకు ఊళ్లే వెలిగించిరి. మన మడుగునది పది ఆటోలకు మేత. 2024లో నార్వే దేశమున అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది కరెంటువే. అచటి సహకార గృహములలో అందఱి కార్లకును చాలునంత పెద్ద లైను వేయుట లేదు. ఉన్న కరెంటును యంత్రమే కార్ల నడుమ పంచి, ఇంటి వాడుక తగ్గిన కొలది కార్లకు హెచ్చించును. మన కపిలబావి వంతునే వారు యంత్రముచేత చేయించుచున్నారు. పాక విషయమై సుముఖులైనవారు తమ బండి వివరములను, రోజుకు తిరుగు కిలోమీటర్లను వ్రాసి కార్యదర్శికి అందజేసినచో, ఎన్ని కిలోవాట్లు కావలెనో లెక్క కట్టుటకు వీలగును.

మా కొట్టములో కరగిన సాకెట్టును పారవేయలేదు. దానిని, దానితో కూడ మాడిన రెండు గజముల తీగను సంఘ కార్యాలయములో కార్యదర్శి బల్లమీద నుంచితిమి. చూడదలచినవారు పనివేళలలో వచ్చి చూడవచ్చును.